మూగకోటలో మేలుకున్న తీగ

తామ్రకూట రాజ్యంలో వీణ మీటేవాళ్లకూ వేణువు ఊదేవాళ్లకూ కరువు లేదు. వీధికి నలుగురు దొరుకుతారు, వద్దన్నా వినిపిస్తారు. మంద్రకిన్నెర వాయించేవాళ్లు మాత్రం మన కథ జరిగేనాటికి ఇద్దరే మిగిలారు. మంద్రకిన్నెర అంటే భుజాన వేసుకుని ఊరూరా తిరిగే కిన్నెర కాదు. నిలబెడితే మనిషి రొమ్ముదాకా వచ్చే పనసచెక్క వాద్యం. వాయించేవాళ్లు పీట మీద కూర్చుని, దాన్ని మోకాళ్ల మధ్య నిలుపుకుని, గుర్రపుతోక వెంట్రుకలు బిగించిన కమానుతో తీగల మీద లాగాలి. తీగలు నాలుగే. అడుగు స్వరం పలికిందంటే వినేవాళ్ల పక్కటెముకలు అదురుతాయి.

ఆ ఇద్దరిలో పెద్దావిడ భైరవాంబ. అరవై దాటిన మనిషి, చిక్కి సగమైన ఒళ్లు, ఎదుటివాళ్లను నిలువునా చదివేసే చూపు. కిన్నెర వాయిస్తూ తానే పాడేది. ఆవిడ గొంతు శ్రుతి తప్పగా విన్నవాడు ఆ రాజ్యంలో ఎవడూ లేడు. రెండో మనిషి ఆవిడ శిష్యురాలు వకుళ.

వకుళ తండ్రి తీగల కొమరయ్య. గొర్రె నరాలు నానబెట్టి, గీకి, పేని, వాద్యాలకు తీగలు చేసి అమ్మేవాడు. ఆ ఇంటి వాసనకు తట్టుకోలేక చుట్టాలు గుమ్మం బయటే క్షేమసమాచారాలు కనుక్కుని వెళ్లిపోయేవారు. ఒకనాడు భైరవాంబ తీగల కోసం వచ్చి ఒకటి ఎంచుకుంది. మూల కూర్చుని నరాలు పేనుతున్న పదకొండేళ్ల వకుళ తల ఎత్తకుండానే, అది పనికిరాదనీ, నడుమ లావుందనీ, రెండు గొంతులు పలుకుతుందనీ చెప్పింది. భైరవాంబ తీగను సాగదీసి మీటింది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

"కొమరయ్యా, నీ కూతురి చెవి నాకిస్తావా?" అని అడిగింది భైరవాంబ.

కొమరయ్య కంగారుగా కూతురి చెవి వంక చూశాడు. శిష్యురాలిగా అడుగుతున్నదని అర్థమయ్యాక ఊపిరి పీల్చుకుని, సరేనన్నాడు.

మొదటి సంవత్సరం వకుళ ఎడమచెయ్యి తీగను తాకలేదు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఒకటే వట్టి తీగ, ఒకటే స్వరం, ఆ చివర నుంచి ఈ చివరకు కమాను లాగడం. ఏడాది నిండాక కొమరయ్య, పిల్ల ఎంత నేర్చిందో విందామని కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. గంటసేపు ఓపికగా కూర్చుని, తక్కిన మూడు తీగలూ తాను పంపలేదా అని భయంభయంగా అడిగాడు. వకుళకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రెండో ఏడు చెవికి చదువు. తొమ్మిది గిన్నెల్లో నీళ్లు పోసి, వకుళను అటు తిరగమని, భైరవాంబ ఏదో ఒక గిన్నెలోంచి గడ్డిపరకతో ఒక్క చుక్క తీసేది. గిన్నెలు వరసగా మోగించి ఏది తగ్గిందని అడిగేది. చెప్పలేకపోతే ఆ పూట మజ్జిగ లేదు. మూడో ఏడు ఎడమచేతి వేళ్లు తీగ మీదికి వచ్చాయి, పగిలాయి, నెత్తురు కారాయి, చివరికి కాయకాచాయి. అప్పటి నుంచి అసలు కష్టం మొదలైంది. వకుళ అన్నం తింటుండగా వెనక నుంచి వచ్చి భైరవాంబ కిన్నెర తీగ ఒకటి వెంట్రుకవాసి సడలించి మీటేది. ఎంగిలిచెయ్యి అలాగే పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో బిరడ తిప్పి తీగ సవరించి వచ్చేదాకా రెండో ముద్ద లేదు. బిరడ అంటే తీగను బిగించే కొయ్యమేకు.

"అపశ్రుతి వినబడితే నీ చెయ్యి నిన్నడక్కుండా బిరడ మీదికి పోవాలి," అనేది ఆవిడ. "నువ్వు ఆలోచించేలోపు సభ వినేస్తుంది పిల్లా."

ఆరో ఏటికి చెయ్యి నిజంగానే అడగడం మానేసింది. సంతలో పెరుగమ్మే మనిషి కేక కాస్త కిందికి జారినా వకుళ వేళ్లు గాలిలో దేన్నో తిప్పేవి. చూసినవాళ్లు ఏదో గాలి సోకిందనుకునేవారు.

ఇక కచేరీల సంగతి. మొట్టమొదటిది ఒక పొగాకు షావుకారు ఇంట బారసాల. వకుళ అడుగు స్వరం అందుకోగానే పెరట్లో గేదె తాడు తెంపుకుని వచ్చి, పందిట్లో నిలబడి, ఆప్యాయంగా జవాబిచ్చింది. రెండోది ఒక సామంతుడి కోటలో. ముసలి సామంతుడు మొదటి రాగానికే నిద్రపోయి, తెల్లారి లేచి, పదేళ్లుగా ఇంత హాయిగా పడుకోలేదని శాలువా కప్పాడు. ఇలా నవ్వులపాలవుతూ, మెల్లమెల్లగా పేరు తెచ్చుకుంటూ, పంతొమ్మిదో ఏట వకుళ గురువుగారి పక్కన వసంతోత్సవ మహాసభలో కూర్చుంది. రాజూ రాణీ ఎదురుగా ఉన్నారు. వకుళ అడుగు స్వరం పట్టింది, భైరవాంబ పాడింది. పాట ముగిసేసరికి రాణిగారి కళ్లు తడిగా ఉన్నాయి. ఈసారి ఎవరూ నిద్రపోలేదు, గేదె కూడా రాలేదు.

సభ లేచిపోతుండగా తెల్లపట్టు కట్టిన ఒక ఆజానుబాహుడు వేదిక దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. తానూ కాస్తో కూస్తో పాడతాననీ, పెద్దల శ్రుతి కావాలనీ అడిగాడు. పాడేవాళ్లలో అదొక మర్యాద. ఎవరడిగినా శ్రుతి ఇవ్వాలి, లేదనకూడదు. ఇచ్చేవాళ్లు ఆధారస్వరం ఒక్కసారి పలికి 'ఇచ్చాను, పుచ్చుకోండి' అనాలి. భైరవాంబ అలాగే స్వరం పలికి, "ఇచ్చాను, పుచ్చుకోండి నాయనా," అన్నది.

అతను నవ్వి, గాలిలోంచి దారం తీసుకున్నట్టు రెండు వేళ్లతో ఏదో లాగి, చుట్ట చుట్టి అంగరఖాలో పెట్టుకున్నాడు. భైరవాంబ మరేదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అతను కళ్లముందే మసకబారి మాయమైపోయాడు.

మూడోనాటికి భైరవాంబ నడిస్తే అడుగు చప్పుడు వినబడడం లేదు. నాలుగోనాడు ఆవిడ చేతిలోంచి జారి పడ్డ రాగిచెంబు నేల మీద నిశ్శబ్దంగా దొర్లింది. దగ్గితే చప్పుడు లేదు, చప్పట్లు కొడితే లేదు. ఇంట్లో ఆవిడ ఎప్పుడు వెనక నిలబడిందో తెలియక వకుళ ఉలిక్కిపడుతుండేది. అన్నిటికన్నా భయంకరం, ఆవిడ ఒంట్లోంచి ఒక్కొక్క చప్పుడూ పోతున్నకొద్దీ మనిషి కూడా పలచబడడం.

భైరవాంబ పళ్లెంలో ఇసుక పోసి వేలితో రాసింది. వచ్చినవాడు మాంత్రికుడు మౌనకేతుడు. భైరవాంబ గురువునూ ఇలాగే పొట్టన పెట్టుకున్నాడు. చప్పుళ్లన్నీ పోయాక అమావాస్యనాడు గుండె చప్పుడు పోతుంది, దానితో ప్రాణం పోతుంది. లాక్కున్న శబ్దాలను వాడు తీగగా పేని తన మూగకోటలో వాద్యాలకు కడతాడు. చెవులున్నవాళ్లు అక్కడికి వెళ్లి తిరిగి రాలేదు. ఇంత రాసి, చివర 'నువ్వు వెళ్లకు' అని రాసింది. వకుళ పళ్లెం పట్టుకుని నెమ్మదిగా ఊపింది. ఇసుక చదునైంది. గురువు మాట కాదనడం ఆమెకు అదే మొదటిసారి.

మూగకోటలో పనికి చెవిటివాళ్లను మాత్రమే పెట్టుకుంటారని సంతల్లో అందరికీ తెలుసు. వకుళ చెవిటిపిల్ల వేషం కడదామనుకుంది. జుట్టు కత్తిరించి, ముతకచీర చుట్టి, మొహానికి మసి పూసుకుంటే వేషం అయిపోతుంది. ఉలిక్కిపడకుండా ఉండటమే కష్టం. మూడు రోజులు ఆమె వాకిట్లో కూర్చుని నరాలు పేనుతుంటే కొమరయ్య వెనక నుంచి కంచుపళ్లేలు బాదాడు, కుండలు పగలగొట్టాడు, పులిలా గాండ్రించాడు. కొమరయ్యకు మతి పోయిందని వాడంతా చెప్పుకున్నారు. మూడోనాటి సాయంత్రానికి వకుళ కనురెప్ప అదరలేదు. కొమరయ్య పగిలిన కుండపెంకుల మధ్య కూలబడి, కూతురు పేనిన తీగను కళ్లకద్దుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకు మాత్రం ఆమె వెనక్కి తిరిగింది.

రెండు రోజులు నడిచి, కోట కిందనున్న సంతలో చెవిటివాళ్ల వరసలో నిలబడింది. కోట అధికారి ఒక్కొక్కరి వెనకా చేరి నగారా కొట్టాడు. పక్కనున్న మొగవాడు ఒకడు ఎగిరిపడ్డాడు, వాణ్ని ఎటో లాక్కుపోయారు. వకుళ ఆవులించింది. కోటలోకి ఎంపికైన ఎనిమిదిమందిలో ఆమె ఒకతె.

కాటుకకొండల నడుమ, మబ్బులకు కిరీటం పెట్టినట్టున్న ఆ కోట వైభవాన్ని వర్ణించడం ఒక నోటితో అయ్యే పని కాదు. నీలిరాతి బురుజులు, స్ఫటిక గవాక్షాలు, మరకత తోరణాలు, పగడాలు పొదిగిన పాలరాతి సోపానాలు, తామరకొలనుల నడుమ ఆకాశానికి ఎగజిమ్మే జలయంత్రాలు. ఆ జలయంత్రాల నీళ్లు చప్పుడు లేకుండా లేచి చప్పుడు లేకుండా పడుతున్నాయి. గోపురాల మీది గంటలు గాలికి ఊగుతున్నాయి, మోగడం లేదు. పచ్చికలో నెమళ్లు పురి విప్పి, మెడలు చాచి, నోళ్లు తెరిచి అరుస్తున్నాయి. ఒక్క కేక వినబడటం లేదు. వకుళ తన అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది. అదీ లేదు.

ఆ కోటలో శబ్దమన్నది ఒక్క సభామందిరంలోనే మిగిలింది. అక్కడ కప్పు నుంచి గొలుసులతో నూర్లకొద్దీ వాద్యాలు వేలాడుతున్నాయి. వీణలు, సారంగులు, తంబురలు, కిన్నెరలు, ఒక్కొక్క దాని పక్కన దాని కమాను. ప్రతి వాద్యానికీ ఒకే ఒక తీగ, సాలెపోగంత సన్నంగా, తెల్లగా. ఆ తీగలను మెత్తటి గుడ్డతో తుడవడమే పనివాళ్ల పని. మనిషి కిందుగా వెళ్తే అవి నిద్రలో మూలిగినట్టు సన్నగా మూలుగుతాయి. చెవిటివాళ్లకు ఆ బాధ లేదు. వకుళ మాత్రం రోజంతా ఆ మూలుగుల కింద, పళ్లు బిగించుకుని తుడిచింది. గురువుగారి తీగ ఏదో మూలుగును బట్టి తెలియలేదు. నిద్రలో అందరి గొంతూ ఒకలాగే ఉంది.

పనివాళ్లకు పెద్ద ఎల్లమ్మ. పుట్టుచెవుడు, ఏభై ఏళ్ల వయసు, సంజ్ఞలతోనే అందరినీ ఆడించే మనిషి. రెండోనాడే ఆమె వకుళను కొలను గట్టుకు లాక్కుపోయి, చెవి ముట్టుకుని, వకుళను వేలెత్తి చూపి, తల ఊపింది. నీకు వినబడుతుంది అని అర్థం. ఎల్లమ్మ వేళ్లతో తన కళ్లను చూపి, చుట్టూ తిప్పింది. చెవిటివాళ్లు క్షణక్షణం వెనక్కీ పక్కకీ చూసుకుంటారు, వెనక ఏముందో కళ్లే చెప్పాలి కాబట్టి. వకుళ ముందుకే చూస్తూ నడుస్తోంది. అదీ ఆమె చేసిన తప్పు. ఎల్లమ్మ ఆ పూటంతా దగ్గరుండి ఎలా చూడాలో నేర్పింది, ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది. ఎల్లమ్మ తన నడుము దగ్గర చెయ్యి పెట్టి ఒక పిల్లవాడి ఎత్తు చూపింది. గొంతులోంచి దారం లాగినట్టు చూపింది. కప్పు వైపు చూపింది. వేళ్ల మీద పన్నెండు లెక్కపెట్టింది, పన్నెండేళ్లు. ఆమె కొడుకు గొంతు ఆమె ఎన్నడూ వినలేదు, విన్నా ఏ తీగ వాడిదో పోల్చలేదు. అందుకని పన్నెండేళ్లుగా అన్ని తీగలనూ ఒకే శ్రద్ధతో తుడుస్తోంది. చివరికి అరచెయ్యి తెరిచి వకుళ మొహంలోకి చూసింది. ఏది, అని. వకుళ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అంతకన్నా ఏమీ చేయలేకపోయినందుకు ఆమెకు సిగ్గేసింది.

ఏడోనాటి మధ్యాహ్నం మౌనకేతుడు కొత్తగా వచ్చిన ఎనిమిదిమందినీ సభామందిరంలో వరసగా నిలబెట్టించాడు. అమావాస్య ఇంక మూడు రోజుల్లో ఉంది. పక్కన ఎల్లమ్మ, ఆమె కింది పనివాళ్లు నిలబడ్డారు. వాడు రత్నాలు తాపిన తన పీఠం దిగి, అడుగుల చప్పుడు లేకుండా వచ్చాడు. చక్కటి మొహం, చల్లటి నవ్వు. మాట్లాడితే మాత్రం వెన్నులో చలి పుడుతుంది. వాడికి సొంత గొంతు లేదు. ఒక మాట ముసలివాడి గొంతుతో, తర్వాతి మాట పెళ్లికూతురి గొంతుతో, ఆ తర్వాతిది పసివాడి గొంతుతో వస్తుంది.

"భైరవాంబకు ఒక శిష్యురాలు ఉండాలే," అన్నాడు ముసలి గొంతుతో, వరస పక్కనుంచి నడుస్తూ. "ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను," అన్నాడు పసిగొంతుతో, సరిగ్గా వకుళ చెవి దగ్గర.

వకుళ కదల్లేదు. వాడు చప్పట్లు చరిచాడు. కప్పు పగిలినట్టు ఉరుము ఉరిమింది. వకుళ ఎల్లమ్మ నేర్పినట్టు పక్కకొకసారి చూసి ఊరుకుంది. కాళ్ల వెనక నాగుపాము బుస కొట్టింది. కొమరయ్య గొంతు 'అమ్మా వకుళా, కాపాడు' అని కేక పెట్టింది. ఆ కేక దొంగదని ఆమెకు వెంటనే తెలిసింది. కొమరయ్య ఏనాడూ ఆమెను పేరు పెట్టి పిలవడు, బుజ్జీ అంటాడు.

అప్పుడు మౌనకేతుడు ఒక పాత మంద్రకిన్నెరను గొలుసు నుంచి దించి, వకుళకు రెండడుగుల దూరంలో నిలిపాడు. గోటితో తీగ మీటాడు.

భైరవాంబ గొంతు. నిద్రలో ఉన్నా ఆవిడదే. ఏడిస్తే పట్టుబడిపోతానని వకుళ ఆరు రోజులుగా మనసును రాయి చేసుకుని ఉంది కాబట్టి కన్ను చెమ్మగిల్లలేదు, చెయ్యి బిగుసుకోలేదు. ఆమె పక్కకు చూసింది, వెనక్కి చూసింది. వాడు మళ్లీ మీటాడు. మళ్లీ మీటాడు. ఆమె నిలబడే ఉంది.

వాడు ఒక్క క్షణం ఆలోచించి, బిరడను వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, మీటాడు.

భైరవాంబ గొంతు శ్రుతి తప్పింది. అరవై ఏళ్లలో ఏనాడూ తప్పని గొంతు, పదిమంది ముందు, ఆ దుర్మార్గుడి గోటి కింద, వెంట్రుకవాసి దిగజారి మూలిగింది. వకుళ ఆలోచించలేదు. చెయ్యి ఆమెను అడగలేదు. కళ్లు తెరిచి మూసేంతలో ఆమె ఎడమచెయ్యి బిరడ మీద ఉంది, తీగ సరైన స్వరానికి వచ్చేసింది.

మౌనకేతుడు నవ్వాడు.

అయితే వాడు కూడా ఊహించనిది ఒకటి జరిగింది. సరైన శ్రుతిలోకి వచ్చిన ఆ తీగ మూలగడం మానేసి, నిండు గొంతుతో పలికింది. దాని అడుగున, లోతుగా, ధనధనమని గుండె కొట్టుకుంటోంది. ఏడామడల అవతల, రెండు రోజుల నడక దూరంలో ఉన్న భైరవాంబ గుండె. మీటిన ఏ తీగ మోతయినా క్షణాల్లో సన్నబడి ఆగిపోతుంది. ఇదీ సన్నబడసాగింది.

"మేలుకొలిపావు," అన్నాడు మౌనకేతుడు పెళ్లికూతురి గొంతుతో. "మేలుకున్న తీగను సొంతదారు చెయ్యి తాకితే శబ్దాలన్నీ తిరిగి వెళ్లిపోతాయి. ఆ లోపు మోత ఆగిందా, గుండె ఆగుతుంది. అమావాస్య దాకా బతకవలసిన మనిషి. నీ చేతులారా ఇప్పుడే చంపుకున్నావు."

గుండె చప్పుడు సన్నబడింది, మరీ సన్నబడింది. వకుళ పక్కన వేలాడుతున్న కమానును గొలుసుతో సహా ఊడలాగి, వెనకనున్న రత్నపీఠం మీద కూలబడి, కిన్నెరను మోకాళ్ల మధ్యకు లాక్కుని, తీగ మీద కమాను ఆనించింది. మోత నిలబడింది. ధన్, ధన్ అంటూ చప్పుడు మళ్లీ పుంజుకుంది. కమాను కొసకు చేరి వెనక్కి మళ్లే చోట రెప్పపాటు ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో గుండె ఒక దెబ్బ తప్పింది. రెండో మలుపులో మణికట్టు సడలించి ఖాళీ రానివ్వలేదు.

మౌనకేతుడి నవ్వు ఆరిపోయింది. వాడు ఒక్క అంగలో మీదికి వచ్చి కమాను పట్టుకోబోయాడు. "ఆపు," అంటుండగానే ఆ మాట పలికిన పసిగొంతు వాడి నోట్లోంచి జారి, నవ్వుకుంటూ కప్పులోని తీగల వైపు ఎగిరిపోయింది. వాడు గొంతు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. మేలుకున్న తీగ నిండుగా మోగుతుంటే, దాని దగ్గర దొంగిలించిన గొంతులు వాడిలో నిలవవు. అది చూసి వకుళకు కాస్త ధైర్యం వచ్చింది. అయినా ఏం లాభం? తీగను మోసుకుపోతే వాయించలేదు, వాయిస్తూ కూర్చుంటే గురువు దగ్గరకు చేరలేదు.

ఎల్లమ్మకు ఇవేవీ వినబడలేదు. ఆమె వచ్చి కిన్నెర వీపు మీద అరచెయ్యి పెట్టింది. పనసచెక్కలో గుండె కొట్టుకోవడం చేతికి తగిలింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. వకుళ తలుపు వైపు చూసింది, మళ్లీ ఎల్లమ్మ వైపు చూసింది. కళ్లతో బతికే మనిషికి ఆ చూపు చాలు. ఎల్లమ్మ గాలిలో చెయ్యి తిప్పి తనవాళ్లను పిలిచింది. ఆమె కింది పాత పనివాళ్లు ఎనిమిదిమంది వచ్చి, మాంత్రికుడి రత్నపీఠాన్ని, దాని మీద వకుళనూ కిన్నెరనూ కలిపి, పల్లకిలా భుజాలకెత్తుకున్నారు.

తలుపు దాకా ఉన్న ఆ నూరడుగులూ వకుళ జన్మలో మరిచిపోలేనివి. మేలుకున్న తీగ కిందుగా వెళుతుంటే కప్పులోని తీగలన్నీ కదిలాయి. మొదట గొణుగుడు, తర్వాత మాటలు. నన్నూ వాయించమ్మా అన్నదొక ముసలి గొంతు. నా పేరు చెప్పు, మా ఇంట్లో చెప్పు అన్నదొకటి. ఒక్కసారి కమాను తాకించు తల్లీ అని ఏడ్చిందొకటి. వకుళ ఎవరికీ జవాబు చెప్పలేక, చెవులు మూసుకునే వీల్లేక, కమాను లాగుతూ పోయింది. తలుపు దగ్గర ఒక చిన్న సారంగి ఉంది. ఎల్లమ్మ దాని కిందుగా వెళుతూ అలవాటు కొద్దీ కొంగుతో దాని తీగను ఒకసారి తుడిచింది. 'అమ్మా, నేనే' అన్నది ఆ తీగ, పిల్లవాడి గొంతుతో. ఎల్లమ్మకు వినబడలేదు. సంజ్ఞ చేసి చెబుదామంటే వకుళ రెండు చేతులూ ఖాళీగా లేవు. గొంతెత్తి అరిచింది, కళ్లతో చూపింది, తల విదిలించింది. ఎల్లమ్మ అర్థం కాక, తొందరపడుతోందనుకుని, మోసేవాళ్లను మరింత వేగంగా నడిపించింది. సారంగి వెనకబడిపోయింది. వకుళ కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి, తుడుచుకునేందుకూ చెయ్యి లేదు.

ఆవరణలోకి రాగానే తీగ మోత చుట్టూ పరుచుకుంది. అది తాకిన మేర జలయంత్రాల నీళ్లు గలగలమన్నాయి. గోపురం గంట ఒకటి ఠంగుమంది. నెమలి ఒకటి తన కేక తనకే వినబడి బెదిరిపోయి కొలనులో పడింది. ద్వారం దగ్గర కాపలావాళ్లు కూడా చెవిటివాళ్లే. అడ్డంగా చాచిన బల్లేల నడుమ నిలబడి ఎల్లమ్మ చేతులతో ఏదో చెప్పింది, కొద్దిగానే చెప్పింది. కాపలావాళ్లలో పెద్దవాడు ముందుకు వచ్చి, కిన్నెర వీపు మీద చెయ్యి పెట్టి చూశాడు. బల్లెం దించి, తలుపులు తీసి, తానూ ఒక పక్క భుజం పట్టాడు.

కొండ దిగువ మలుపులో వకుళ వెనక్కి చూసింది. మౌనకేతుడు ద్వారంలోంచి బయటికి వచ్చాడు. పరుగెత్తడం లేదు. సరిగ్గా నూరడుగుల దూరంలో, షికారుకు బయల్దేరినవాడిలా, అడుగుల చప్పుడు లేకుండా వస్తున్నాడు.

"ఇక్కడికి ఏడామడలమ్మా మీ గురువు ఇల్లు," అని కేకవేశాడు. ఆ గొంతు ఎవరిదో పెద్దావిడది, సంగీతం తెలిసిన గొంతు. భైరవాంబ గురువుదే అయుంటుంది. "నీ చెయ్యి ఎంత దూరం వస్తుందో నేనూ చూస్తాను. నాకేం తొందర లేదు."

వకుళ మారు పలకలేదు. పలికితే ఊపిరి తప్పుతుంది, ఊపిరి తప్పితే కమాను తప్పుతుంది. పొద్దు పడమటికి తిరిగింది. భుజం మొదట నొప్పెట్టింది, తర్వాత మండింది, తర్వాత అది తన భుజమేనా అన్నట్టు మొద్దుబారింది. కమాను వెంట్రుకల్లో రెండు తెగి గాలికి ఎగురుతున్నాయి. మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు, నిలబడకుండా మార్చుకుంటున్నారు. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చి వకుళ నోట్లో పోసింది. ఎల్లమ్మ పీఠం పక్కనే నడుస్తూ, వకుళ మోచేతి కింద తన అరచెయ్యి ఆనించి బరువు కాస్తోంది. తీగలో భైరవాంబ గుండె తప్పకుండా కొట్టుకుంటూనే ఉంది. అది కొట్టుకున్నంతసేపూ ఈ చెయ్యి ఆగదని వకుళ అనుకుంది. అనుకుంటుండగానే మణికట్టు ఒకసారి వణికింది.

దారి మలుపు తిరిగింది. బాట పక్కన తుప్పల్లో ఆమడరాయి ఒకటి కనిపించింది, భైరవాంబ ఊరికి ఇంకా ఎన్ని ఆమడలుందో చెప్పే రాయి. దాని మీద పెద్దగా 'ఆరు' అని చెక్కి ఉంది. ఎల్లమ్మ దాన్ని ముందుగా చూసింది. మోచేతి కింద చెయ్యిని పక్కవాడికి అప్పగించి, గబగబా నాలుగడుగులు ముందుకు వేసి, ఆ అంకె వకుళ కంటపడకుండా రాయికి అడ్డంగా నిలబడింది.